మైకులో చెప్పిన ఎక్స్-రే

నా నోరు మంచిది కాదని మా పిన్ని చిన్నప్పటి నుంచీ అనేది. అబద్ధాలాడతానని కాదు, తెలిసిన ముక్క కడుపులో దాచుకోలేనని. ఏదైనా కొత్త సంగతి తెలిసిందా, దాన్ని పదిమందికీ చెప్పాలి, వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినాలి, అప్పుడుగాని నాకు అన్నం సయించదు. ఆ గుణం ఒకసారి పిన్ని ప్రాణం మీదికే తెచ్చింది. ఆ సంగతి ఇన్నేళ్ళూ పూర్తిగా ఎవరికీ చెప్పలేదు.

మాది పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురొడ్డున ఉన్న బాంబూఫ్లాట్. మా తాతలు శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ వలలు వేసుకున్నారు. అమ్మ నా ఆరో ఏట పోయింది. నాన్నకు దీవుల మధ్య తిరిగే ఓడల మీద పని, నెలలో పది రోజులు ఇంటిపట్టున ఉంటే గొప్ప. నన్ను పెంచింది అమ్మ చెల్లెలు, మా పిన్ని. భర్త లేడు, పిల్లల్లేరు. హోప్ టౌన్ వైపు ఒడ్డున వెదురు పందిళ్ళు వేసి చేపలు ఎండబెట్టేది, ఎండినవి గంపకెత్తుకుని ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళి అమ్మేది. ఆ చేపలే నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించాయి, ఆ తర్వాత మెయిన్‌ల్యాండ్‌లో పరిశోధనకు పంపాయి. తెలుగు రాయడం కూడా అక్కడికి వెళ్ళాకే సరిగ్గా నేర్చుకున్నాను. ఇక్కడ బళ్ళో అంతా హిందీ, ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగు.

నా పరిశోధన దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల మీద. నక్షత్రం నుంచి మన కంటికి కనిపించే వెలుగే కాదు, కనిపించని ఎక్స్-రే కిరణాలు కూడా వస్తాయి. నక్షత్రం పడుచు వయసులో ఉన్నప్పుడు వాటి ఉద్ధృతి చెప్పనలవి కాదు. దగ్గర్లో ఏదైనా గ్రహం తిరుగుతుంటే, దాని పైపొరల్లోని గాలి ఆ కిరణాలను పీల్చుకుని కాగుతుంది, ఉబ్బుతుంది, గ్రహం పట్టు వదిలించుకుని అంతరిక్షంలోకి జారిపోతుంది. పెద్ద గ్రహాలు తట్టుకుంటాయి. చిన్నవి కోట్ల ఏళ్ళపాటు పోగొట్టుకుని పోగొట్టుకుని చివరికి ఉత్త బండరాళ్ళుగా మిగులుతాయి. ఏ గ్రహం ఎంత గాలి పోగొట్టుకుని ఉంటుందో లెక్కగట్టడమే నా పని.

చిక్కంతా ఎక్కడంటే, ఈ రోజు మనకు కనబడుతున్న నక్షత్రం వయసు మళ్ళి చల్లబడింది. పడుచుదనంలో అదెంత అల్లరి చేసిందో ఎవరు చూశారు? ఒకసారి సెలవుల్లో పందిరి దగ్గర కూర్చుని ఈ గోల పిన్నికి చెప్పాను. ఆవిడ కానాగంత చేపలను తిరగేస్తూ తలెత్తకుండానే అంది.

"అందులో ఏటుందే? ఎండిన సేపని పట్టుకుని సూస్తే, మొదటి రోజు ఎండ ఎలాగ తగిలిందో తెలిసిపోదేటి?"

నిజమే. మొదటి రోజు మధ్యాహ్నం ఎండ నేరుగా తగిలిన చేప పైన గట్టిపడి లోపల కుళ్ళుతుంది. అందుకే పిన్ని మొదటి రోజు పన్నెండయ్యేసరికి చేపల మీద ఆకులు కప్పేది. రెండో రోజు నుంచి ఎంత ఎండైనా ఫరవాలేదు. తర్వాత ఎన్ని రోజులు ఎండినా మొదటి రోజు సంగతి చేప ఒంటి మీద ఉండిపోతుంది. గ్రహాన్ని చూసి నక్షత్రం పడుచుదనాన్ని పసిగట్టడం అనే ముక్క, మా ప్రొఫెసరు రెండు నెలలు చెప్పినా నా బుర్రకెక్కనిది, ఆ పూట ఎక్కింది.

ఆ ఏడు జనవరిలో మావాళ్ళ సంఘం హాల్లో ఏటా జరిగే సభ జరిగింది. మా సంఘం పెద్ద ఒకప్పుడు ఓడ నడిపిన సరంగు, నాకు తాత వరస. "మన గుంట ఏటి సదువుతోందో మనకే తెలీకపోతే ఎలాగ?" అని నన్ను స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, చేతికి మైకిచ్చాడు.

నేను గ్రహాలతో మొదలుపెట్టాను. ఐదు నిమిషాలకే మగవాళ్ళు ఆవలించారు. ఆడవాళ్ళు వంటల వైపు తలలు తిప్పారు. ఒక చంటిపిల్ల కయ్యిమంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత చదువు చదివి మా ఊళ్ళోనే నా మాట ఎవరూ వినకపోతే ఎలా? అందుకని గొంతు పెంచి అన్నాను.

"ఎక్స్-రే అంటే ఏదో అనుకునేరు! ఆసుపత్రిలో ఛాతీకి తీస్తారు చూడండి, అదే! అచ్చం అదే! నక్షత్రం అదే కిరణాన్ని గ్రహం మీద కొడితే, దాని చుట్టూ ఉన్న గాలంతా ఊడ్చుకుపోతుంది. గుక్కెడు గాలి కూడా మిగలదు!"

హాలు నిశ్శబ్దమైపోయింది. చంటిపిల్ల కూడా ఏడుపు ఆపిందని నాకు గుర్తు, బహుశా నా గొంతుకి జడుసుకుని ఉంటుంది. ముందు వరసలో పిన్ని పక్కావిడని మోచేత్తో పొడిచి "మా గుంటే" అంటోంది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పానని నేను మురిసిపోయాను. నక్షత్రం ఎంత దూరం నుంచి, ఎంత బలంగా, ఎన్ని కోట్ల ఏళ్ళు కొడుతుందో చెప్పలేదు. ఆసుపత్రి మిషను ఎంతసేపు పనిచేస్తుందో చెప్పలేదు. చెబితే మళ్ళీ ఆవలిస్తారని భయం.

వారం తిరక్కుండా ఓడెక్కి వెళ్ళిపోయాను. ఫోన్ చేసినప్పుడల్లా పిన్ని దగ్గు వినిపించేది. ఏమిటది అంటే "సీజను కదే, ఉప్పు ఘాటు" అనేది. నేనూ సరేననేదాన్ని. నా లెక్కల గొడవ నాది.

ఏప్రిల్‌లో తిరిగొచ్చేసరికి పిన్ని జెట్టీకి రాలేదు. ఎప్పుడూ అలా చేయలేదు. ఇంటికెళ్తే గుమ్మంలో కూర్చుని ఉంది. మెడ కింద ఎముకలు తేలాయి, జాకెట్టు భుజం మీంచి జారుతోంది. నన్ను చూసి లేవబోయి దగ్గు తెరలో పడి గోడ పట్టుకుంది.

తమలపాకుల డబ్బాలో నాలుగు మడతలు పెట్టిన చీటీ దొరికింది. మా ఊరి ఆసుపత్రిలో రాసిందే. కఫం పరీక్షలో ఏమీ తేలలేదు, పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి ఛాతీ ఎక్స్-రే తీయించుకోవాలి అని. మీద తారీఖు చూస్తే నేను వెళ్ళిన పది రోజులకే రాశారు. అంటే దాదాపు మూడు నెలలు.

"వెళ్ళలేదేం పిన్నీ?"

"ఏటే, మరిసిపోనావా?" అంది పిన్ని వింతగా చూస్తూ. "నువ్వే కదా సెప్పినావు, మైకులో. గెహానికి గెహం గాలే ఊడ్సుకుపోద్దని. నా ఛాతీలో గాలెంత, దాని గాలెంత? ఇప్పటికే ఆయాసంతో సస్తన్నాను. ఉన్న ఆ కాస్తా పోతే?"

ముందు నవ్వొచ్చింది. మరుక్షణం ఆవిడ ముఖం చూసి నా నవ్వు ఆగిపోయింది. ఆవిడ హాస్యానికనడం లేదు. మా ఊరి ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు, ఒక నర్సు చెప్పిన మాట కంటే నా మాటను నమ్మింది. నేను చదువుకున్నదాన్ని కదా! పైగా తను పెంచిన పిల్లని.

"అయ్యో పిన్నీ, నక్షత్రం కోట్ల ఏళ్ళు కొడుతుంది. మిషను రెప్పపాటు."

"రెప్పపాటైనా అదే కదా కిరణం?"

"అదే, కానీ ఇది చాలా కొంచెం."

"సిన్న పామైనా పెద్ద కర్రతో కొట్టాలంటారు. కొంచెమైతే ఇసం కాదేటి?"

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. బొమ్మలు గీశాను. చివరికి ఆవిడ దారిలోకే దిగాను. "నెత్తళ్ళు ఎండాలంటే రెండు రోజులు పందిరి మీద ఉండాలా వద్దా? పడవలోంచి గంపలోకి వేసేలోపు తగిలిన ఎండకి ఎండుతాయా? మిషను అంతే!"

పిన్ని తల ఊపింది. గెలిచాననుకున్నాను.

"బాగానే సెప్పినావు," అంది నెమ్మదిగా. "మరి ఆవేళ మైకులో ఈ ముక్క ఎందుకు సెప్పలేదు? సబలో ఒకటి, ఇంట్లో నా కోసం ఒకటా? ఏది నమ్మాల నాను? నా మీద జాలితో అబద్ధమాడతన్నావేమో, నాకేటి తెలుసు? సబలో అన్నది సబలో మార్సు. అప్పుడెల్తాను."

ఇక్కడ మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరి వల ఎవరు కోశారనో, ఎవరి చోటు ఎవరు ఆక్రమించారనో పదిమందిలో ఒకరు మాట జారితే, దాన్ని దిద్దుకోవాల్సింది కూడా ఆ పదిమందిలోనే. చాటుగా ఇంటికెళ్ళి చెప్పేది లెక్కలోకి రాదు. అన్న మనిషి చెప్పులు విడిచి, అన్న చోటే నిలబడి, "ఆ మాట నాదే, ఆ మాట తప్పు" అని మూడుసార్లు అనాలి. మా తాతలు ఓడలో తెచ్చుకున్న సామానుతో పాటు తెచ్చుకున్న అలవాటట. పిన్ని ఆ పద్ధతిలోనే పుట్టి పెరిగింది. ఆవిడకి అంతకు మించిన రుజువు లేదు.

నాకు తిక్క రేగింది. ఎందుకంటే నేను చెప్పింది తప్పు కాదు! ఎక్స్-రే ఎక్స్-రేనే. నక్షత్రానిదైనా మిషనుదైనా జాతి ఒకటే. శాలువా కప్పించుకున్న చోటే చెప్పులు విప్పి, నాలుగేళ్ళుగా చదువుతున్నదాన్ని తప్పని ఒప్పుకోవాలా? అదీ ఆవలించిన జనం ముందు! చచ్చినా ఒప్పుకోనన్నాను. పిన్ని చచ్చినా వెళ్ళనంది. ఇద్దరిదీ ఒకటే రక్తం మరి. మూడో రోజు కోపం పట్టలేక "అయితే ఇలాగే దగ్గుతూ చావు" అని అరిచాను. పిన్ని నాకు అన్నం వడ్డించి పందిరి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

అలా ఐదు రోజులు పోయాయి. ఆరో రోజు పొద్దున పిన్ని చేపలు తిరగేస్తూ తిరగేస్తూ దగ్గొచ్చి ఇసకలో కూలబడింది. చేయిచ్చి లేపబోతే లేవలేకపోయింది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మీద ఎర్రటి చార. దాన్ని నాకు కనబడకుండా మడిచేసింది. చూడనట్టే ఉన్నాను గానీ, నా చదువూ నా పరువూ అన్నీ ఆ క్షణానే నీరుగారిపోయాయి. చెప్పులు కూడా వేసుకోకుండా తాత ఇంటికి పరుగెత్తాను.

తాత అంతా విని గడ్డం గోక్కున్నాడు. "ఇంతకీ నువ్వు సెప్పింది తప్పా, ఒప్పా?"

"తప్పు కాదు తాతా. సగమే చెప్పాను."

"సగానికి మన కాడ మాట లేదమ్మా. ఒప్పంటే ఒప్పు, తప్పంటే తప్పు. ఏటనమంటావు?"

"తప్పు," అన్నాను.

ఆదివారం పొద్దున హాల్లో నలభైమంది దాకా చేరారు. పిన్ని పట్టుబట్టి మైకు కూడా పెట్టించింది. "మైకులో అన్నది మైకులోనే" అని. నేను చెప్పులు విడిచి స్టేజీ ఎక్కాను. "ఎక్స్-రే ఊపిరి తీసేస్తుందని మీకు తోచేలా ఇక్కడ చెప్పాను. ఆ మాట నాదే, ఆ మాట తప్పు." మొదటిసారి అన్నప్పుడు చెవులు వేడెక్కాయి. రెండోసారి మా ప్రొఫెసరు కళ్ళ ముందు మెదిలాడు, పోనీలెమ్మనుకున్నాను. మూడోసారి అనేసరికి విచిత్రంగా అది నిజమనిపించింది. భయపెట్టి వదిలేసిన సగం మాట, వినేవాళ్ళ చెవిలో తప్పుగాక మరేమవుతుంది?

తర్వాత నెత్తళ్ళ ఉదాహరణ చెప్పాను. ఈసారి ఎవరూ ఆవలించలేదు, చేపల సంగతి కదా! నేను దిగబోతుంటే పిన్ని మెల్లగా లేచొచ్చి మైకు అందుకుంది. "బస్, సాలు. రేపు మొదటి ఫెర్రీకి నానెల్తన్నాను. ఇంకెవురికైనా అనుమానముంటే, నాను తిరిగొచ్చినాక నన్ను సూసి తీర్సుకోండి," అని మైకులోనే దగ్గింది. హాలంతా ఘొల్లున నవ్వింది.

మర్నాడు పోర్ట్ బ్లెయిర్‌లో చాథమ్ జెట్టీ దగ్గర ఫెర్రీ దిగి ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. పిన్ని పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుంది. ఎక్స్-రే గదిలో మిషనబ్బాయి "సాస్ రోకో, దీదీ" అన్నాడు, ఊపిరి బిగపట్టమని. పిన్ని తలుపు వైపు తిరిగి నన్ను చూసిన చూపు మర్చిపోలేను. చూశావా, గాలి పోతుందనే కదా బిగపట్టమంటున్నాడు, అన్నట్టుంది. అయినా కళ్ళు గట్టిగా మూసుకుని బుగ్గలు పొంగించి బిగపట్టింది. క్షణంలో అయిపోయింది. అతను ఇక చాలు వదలమని రెండుసార్లు చెప్పినా వదల్లేదు. మూడోసారి నేనే లోపలికెళ్ళి "పిన్నీ, అయిపోయింది" అని వీపు తడితే అప్పుడు వదిలింది. వదిలి, ఒకసారి పీల్చి చూసుకుంది. "ఉందే," అంది ఆశ్చర్యంగా.

డాక్టరు నాకంటే చిన్నవాడిలా ఉన్నాడు, హిందీలో మాట్లాడాడు. ఫిల్ము వెలుగుకి పెట్టి, ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో తెల్లటి మచ్చల మధ్య గుంటలాంటిది చూపించాడు. క్షయ. ఆరు నెలలు మందులు మానకుండా వాడితే జబ్బు పోతుందన్నాడు. కానీ ఆ పైభాగం పాడైపోయింది, అది తిరిగి రాదన్నాడు. పోయిన గాలి గ్రహానికి మళ్ళీ రాదని నా పేపర్లలో ఎన్నిసార్లు రాశానో. అవి రాసేటప్పుడు నా చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. ఇప్పుడు ఆ ఫిల్ము వైపు మాత్రం చూడలేకపోయాను.

జబ్బు నిజంగానే పోయిందని ఇక్కడే చెప్పేస్తాను. పిన్ని ఇప్పటికీ ఉంది. గంప మాత్రం ఎత్తలేదు, జెట్టీ మెట్లు రెండుసార్లు ఆగి ఎక్కుతుంది.

డాక్టరు పాత చీటీ మడతలు విప్పి తారీఖు చూశాడు. అతని ముఖం మారింది. మూడు నెలల కిందట రాస్తే ఇప్పుడా రావడం? అప్పుడే వచ్చి ఉంటే ఈ గుంట పడేది కాదు కదా, ఎందుకు రాలేదు? అని గట్టిగానే అడిగాడు, పెన్ను కాయితం మీద ఆనించి.

నేను నోరు తెరిచాను. బల్ల కింద పిన్ని చెయ్యి నా మణికట్టుని పట్టుకుని నొక్కింది. ఆ ఒంట్లో అంత బలం ఎక్కడిదో!

"సీజన్ థా సాబ్," అంది తన హిందీలో. "మఛ్లీ బహుత్ థా, ఫుర్సత్ నహీ మిలా. గల్తీ మేరా హీ హై."

సీజన్లో చేపలు ఎక్కువ పడి తీరిక లేదట, తప్పు తనదేనట. ప్రాణం కంటే చేపలెక్కువా అని డాక్టరు ఆవిణ్ణి కోప్పడ్డాడు. చేపల వాసన వచ్చే మనిషి చేపల కోసమే ప్రాణం మీదికి తెచ్చుకుందని ఇట్టే నమ్మేశాడు. పిన్ని తల వంచుకుని అన్నీ పడింది, "హా సాబ్, హా సాబ్" అంటూ. అతను రాసుకున్నాడు. నేను మాట్లాడలేదు. నలభైమంది ముందు మూడుసార్లు తప్పన్నదాన్ని, ఆ ఒక్క మనిషి ముందు ఒక్క మాట అనలేకపోయాను. మణికట్టు పట్టుకుందనేది వంక. నిజానికి, పిన్ని అలా అనగానే నాకు ఊరట కలిగింది. ఎంత నీచమో చూడండి.

తిరుగు ఫెర్రీలో రెయిలింగు పక్కన చోటు దొరికింది. మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని పిన్ని నీళ్ళను చూస్తోంది. ఉండబట్టలేక అడిగాను.

"అలా ఎందుకు చెప్పావు పిన్నీ? నా వల్లే కదా ఆలస్యమయింది."

"ఊరుకోయే," అంది చుట్టూ చూసి గొంతు తగ్గించి. "ఆడు అడగతా అడగతా కాయితం మీద రాసేస్తన్నాడు, సూళ్ళేదేటి? మా గుంట సెప్పిందని నానంటే నీ పేరు అందులోకి ఎక్కిపోదా? రేపు మీ కాలేజీవోళ్ళు అది సూసి, ఈ పిల్లకి సరిగ్గా సదువు రాలేదని ఎల్లగొట్టేస్తే? నాలుగేళ్ళ సదువే!"

నా ఒక్క మాటని నమ్మి మూడు నెలలు గుమ్మంలో దగ్గుతూ కూర్చున్న మనిషి, ఊపిరితిత్తిలో పోయిన ముక్క ఇక రాదని విన్న ఐదు నిమిషాల్లో, నా చదువు గురించి భయపడింది. రెయిలింగు పట్టుకుని బావురుమన్నాను. ఫెర్రీలోకి ఎక్కించిన స్కూటర్ల పక్కన నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూశారు.

"ఓలమ్మ, ఊరుకోయే గుంటా," అంది పిన్ని, కొంగుతో నా ముక్కు తుడుస్తూ. "ఎవురో పోనారనుకుంటారు."